ఎనిమిదో కుల్చా

నైజాం జెండా మధ్యలో ఉండే గుండ్రటి గుర్తు ఏమిటని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. రైల్వేలో గుమాస్తా అయిన మా ఆయన చంద్రుడన్నారు. పాలవాడు వెన్నముద్ద అన్నాడు. వాడి లోకం వాడిది. పక్క వాటాలో ఉండే ముసలావిడ, నేను ఖాలా అని పిలిచేదాన్ని, ఇద్దరినీ తిట్టి అది కుల్చా రొట్టె అంది.

దక్కనుకు బయల్దేరిన మొదటి నిజాం ఆకలితో ఒక ఫకీరు దగ్గర ఆగాడట. ఫకీరు పసుపు గుడ్డలో మూటకట్టిన కుల్చాలు పెట్టాడట. ఏడు తిని "బస్", ఇక చాలన్నాడట. అయితే నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని ఫకీరు దీవించాడట. అందుకే పసుపు జెండా, మధ్యలో రొట్టె.

"ఏడోది తిన్నంక బస్ అన్నడు బేటీ! గా ఒక్క మాటకు ఎనిమిదో తరం పాయె. మా ఇంట్ల ఎవ్వరు సుత బస్ అనొద్దు."

నేనేమో బెజవాడ వైపు పాస్టరు గారి అమ్మాయిని. వద్దు వద్దంటూ తినడమే మర్యాదని పెరిగాను. "చాలండీ" అని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడితే, ఆవిడ నా చెయ్యి లాగేసి ఇంకో రొట్టె పడేసేది.

పోలీసు చర్యకు ముందు ఊరెళ్లిన మా ఆయన, రైళ్లు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయారు. సీతాఫల్‌మండిలోని ఆ ఇంట్లో ఖాలా, నేను ఇద్దరమే మిగిలాం. ఆవిడ కొడుకు అప్పటికే కరాచీ వెళ్లిపోయాడు. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎరగను. ఆవిడ గోడ తట్టి "తిన్నవా బేటీ" అని అడగకపోతే మాటలే మరిచిపోయేదాన్ని.

సైన్యం వచ్చింది. పసుపు జెండాలు దిగిపోయాయి. ఇప్పుడున్నది ఏడో నిజామే కదా, లెక్క సరిపోయిందని పాలవాడు నవ్వాడు. ఖాలా నవ్వలేదు. కుల్చాలు చేయడం కూడా మానేసింది. కొన్నాళ్లకు, మా ఆయన ఇంకా రాకముందే, ఆవిడ తమ్ముడు వచ్చాడు, కొడుకు దగ్గరికి చేరుస్తానని.

"మీరు పోతే నేనెట్లా ఖాలా?" అన్నాను. ఆవిడ పెట్టె సర్దుకుంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. ప్రార్థన చేసుకుని ముద్దపప్పు, గోంగూర వడ్డించాను. బయట జట్కా వచ్చి ఆగింది. ఉండిపొమ్మని మళ్లీ అడిగే ధైర్యం లేదు. తింటున్నంతసేపైనా కూర్చుంటుంది కదా అని, పళ్లెం ఖాళీ కాకముందే ఇంకో గరిటెడు అన్నం తీశాను.

ఆవిడ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బస్, బేటీ."

ఆ చెయ్యి లాగేయడం నాకు చేతకాలేదు.