కొత్తగూడ కాడ ట్రాఫిక్

ప్రతి వానాకాలం ఒక ఆదివారం హైదరాబాదులోని మా ఆఫీసు ఆడవాళ్లం ఐదుగురం కారు మాట్లాడుకుని అనంతగిరి కొండలకు వెళ్లేవాళ్లం. అక్కడ టీ తాగడం పూర్తికాకముందే మాలో అందరికన్నా చిన్నామె లేచేది.

"ఇగ పోదామా? కొత్తగూడ కాడ ట్రాఫిక్ అయితది."

"కొండ చూడ్డానికొచ్చావా, కొత్తగూడ చూడ్డానికా?" అని విసుక్కునేదాన్ని.

"నీకేందక్కా, రేపు లేటుగ వచ్చినా నిన్నెవరడుగుతరు?" అని నవ్వేది.

పోయినేడు మోకాళ్ల నొప్పితో నేనే ముందు లేచాను. ఆమె కదల్లేదు.

"జర కూసో అక్కా. మొన్న నా ఉద్యోగం తీసేసిన్రు. రేపు నాకు తొందర లేదు."

నేను మళ్లీ ఆమె పక్కనే కూలబడ్డాను.

ఈ ఏడు నలుగురమే వెళ్లాం. పోదామని ఎవరూ అనలేదు. తిరుగుదారిలో కొత్తగూడ దగ్గర చాలాసేపు ఇరుక్కుపోయాం.