ఇంజన్ వేడెక్కని రోజు

ఎండలో నాలుగు గంటలు నిలబడిన కారు తలుపు తీస్తే ముందు వేడి కొడుతుంది, తర్వాత వాసన. నా కారులో ఆ వాసన అత్తరుది. ఎడమవైపు ఏసీ జాలీలో ఇరికించిన చిన్న దూది ముక్క నుంచి వస్తుంది. అత్తరంటే నాకు ఇష్టమని అనుకుంటారేమో, కాదు. ఇంట్లో అగరొత్తి వెలిగిస్తే వీధి చివరికి పారిపోయే ముక్కు నాది. అయినా నెలకోసారి సీసా మూత తీసి, ఆ దూదికి ఒక్క చుక్క పెడతాను. విత్తనాల ల్యాబులో నాతో పనిచేసేవాళ్లు "ఏం మేడం, కారుల దర్గా పెట్టినవా?" అని అడుగుతారు. అది నవ్వాల్సిన మాట అని నాకు తెలుసు, నవ్వుతాను. కాస్త ఆలస్యంగా నవ్వుతాను, అంతే. అప్పటికి వాళ్లు వేరే మాటలో ఉంటారు.

నేను బండి నేర్చుకున్న మూడు నెలలు నా ఎడమ సీటులో కూర్చున్న మనిషి యాకూబ్ చాచా. కరీంనగర్‌లో మా వీధి మలుపు దగ్గర ఒక గది, గది ముందు పాత తెల్ల కారు, కారు నెత్తిన ఎర్ర రంగు అక్షరం. ఆయన డ్రైవింగ్ స్కూలు మొత్తం అదే. అంతకుముందు ముప్పై ఏళ్లు గ్రానైట్ బండల లారీ నడిపారు, ఇక్కడి గుట్టల నుంచి కాకినాడ రేవు దాకా. "గుట్టలను ముక్కలు ముక్కలు చేసి సముద్రం కాడికి మోసిన బిడ్డా. సముద్రం ఒక్కసారి కూడ చాయ్ తాగుతవా అని అడగలే" అనేవారు. తెల్ల గడ్డం, మడత నలగని పైజామా, కుడి చెవిలో దూది. మా దగ్గర పెద్ద వయసు సాబులు చాలామంది అత్తరు దూది చెవి మడతలో పెట్టుకుంటారు కాబట్టి, ఆ దూది గురించి నేను రెండోసారి ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

నా ఇరవై రెండో ఏట హైదరాబాదులో ఒక డాక్టరమ్మ రెండు గంటలు ప్రశ్నలడిగి, నాది ఆటిజం స్పెక్ట్రం అని కాగితం మీద రాసిచ్చింది. బాపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేరు గిప్పుడు పెట్టిండ్రు గని, మనిషిని మనం ఎప్పటిసంది ఎరుగుదుం కదా" అన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం "మందేమన్న ఉన్నదా?" అని అడిగింది. లేదన్నాను. "అయితె అన్నం తిను" అంది. మా ఇంట్లో విషాదం అంతకంటే ఎక్కువసేపు నిలవదు. హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేకపోవడం వల్ల కావచ్చు.

అసలు చిక్కు ఉద్యోగంతో వచ్చింది. జమ్మికుంట దారిలో ఒక విత్తనాల ల్యాబు ఉంది. తడి కాగితం మీద విత్తనాలు పరిచి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో, ఎన్ని వంకరగా మొలిచాయో, ఎన్ని మొలవనే లేదో లెక్కపెట్టాలి. విత్తనాలు మాట్లాడవు, పెళ్లెప్పుడని అడగవు. దేవుడు నన్ను తయారుచేసి, తర్వాత నా కోసమే ఆ పనిని తయారుచేసినట్టుంది. కానీ అక్కడికి వెళ్లే బస్సును మాత్రం ఆయన తయారుచేయలేదు. ఆ బస్సులో మోచేతులు, టిక్కెట్టు మిషన్ కీచుమనడం, ఎవరి ఫోన్‌లోనో పాట, ఎవరి తలకో కొబ్బరినూనె. ఒకసారి చేరి పదకొండు రోజులకు మానేశాను, ఇంకోసారి చేరి ఆరు రోజులకు. ల్యాబు పెద్దసారు మంచివాడు. "మూడు నెలలు చూస్త బిడ్డా. నీ బండి మీద నువ్వు వస్తనంటె నౌకరి నీదే. లేకపోతె ఇంకొకల్లను పెట్టుకుంట" అన్నాడు. ఆ మూడు నెలలు అయిపోతే నేను మా ఇంటి కిటికీ పక్కన మిగిలిపోతాను. నాకున్న బతుకు అప్పటికి ఆ ఒక్క తడి కాగితమే.

చాచా దగ్గర నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి రోజు అవ్వ వెనక సీట్లో కూర్చుంది, కాపలాకు. తాళం తిప్పగానే "రాజన్నా, నువ్వే దిక్కు" అని దేవుణ్ని మొక్కడం మొదలుపెట్టింది. నేను చాచాకు ఉన్నమాట చెప్పేశాను: "చాచా, మీ అత్తరుకు నాకు వాంతొస్తుంది."

వెనక అవ్వ మంత్రం ఆగిపోయింది. "పెద్దమనిషిని గట్లంటరానే!" అని నెత్తి కొట్టుకుంది.

చాచా నా వైపు తిరిగి, "ఏమన్నవ్ బిడ్డా?" అన్నారు. నేను మళ్లీ, గట్టిగా చెప్పాను. ఆయన నవ్వారు. "నలభై ఏండ్ల సంది మా ఇంట్ల అందరు ఇదే అనుకుంటుండ్రు గావచ్చు. చెప్పే ధైర్యం నీకొక్కదానికే వచ్చింది." మర్నాటి నుంచి అత్తరు లేదు. దూది మాత్రం ఉంది.

నాకు రోడ్డు నియమాలన్నీ నోటికి వచ్చు. కానీ ఆ పుస్తకాన్ని కరీంనగర్‌లో చదివింది నేనొక్కదాన్నేనని మొదటి వారంలోనే తేలిపోయింది. ఇక్కడ బండ్లు కళ్లతో, చేతులతో, తల ఊపులతో నడుస్తాయి. ఆటో ఆయన చెయ్యి ఊపితే పొమ్మనా, ఆగమనా, లేక ఉక్కపోస్తుందనా? లైటు కొడితే దారిస్తున్నాడా, తప్పుకొమ్మంటున్నాడా? చిన్నప్పటి నుంచి టీచర్లు, మేనత్తలు, ఆఖరికి డాక్టరమ్మ కూడా, "మనిషి ముఖం చూసి అర్థం చేసుకోవాలమ్మా" అని చెప్పినవాళ్లే. నాకు ముఖాలు నోటీసు బోర్డుల్లాంటివి, అన్నీ ఎవరో చింపేసిన నోటీసులే. ఆ మాటే చాచాతో అన్నాను, బండి ఆపి ఉన్నప్పుడు, ఆయన నా వైపు పూర్తిగా తిరిగి చూస్తున్నప్పుడు.

"మొఖం ఎవరు చూడమన్నరు నిన్ను?" అన్నారు. "ముందటి టైరు చూడు. మనిషి చెయ్యి ఒక దిక్కు ఊపుతడు, మొఖం ఒక దిక్కు పెడతడు, మాట ఇంకో దిక్కు. గని బండి టైరు ఎటు తిరిగితె అటే పోతది. మొఖం అబద్ధమాడుతది బిడ్డా, టైరు ఆడది."

ఇరవై రెండేళ్లలో నన్ను ముఖం చూడొద్దన్న మొదటి మనిషి ఆయన. ఆ రోజు ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

అయితే నలుగురి ముందు నాటకం నాకు ఎంత ఇష్టం లేకపోయినా, నాటకానికి నేను ఇష్టం. రెండో వారం బజారు చౌరస్తాలో బండి ఆగిపోయింది. వెనక నుంచి ఒక హారన్, దాని మీద ఇంకొకటి, దాని మీద లారీది. నాకు హారన్ చెవిలోకి రాదు, పళ్లలోకి వస్తుంది. స్టీరింగ్ వదిలేసి రెండు చెవులూ మూసుకుని కళ్లు కూడా మూసుకున్నాను. పక్కన ఆటో ఆయన "ఏందమ్మా, ఇంట్ల పంటె సరిపోకపాయెనా!" అన్నాడు. చాచా మెల్లగా దిగి, కారు ముందు నిలబడి, వెనక బండ్లన్నింటికీ కనబడేలా జేబులోంచి దువ్వెన తీసి గడ్డం దువ్వుకోవడం మొదలుపెట్టారు. తీరిగ్గా. ఒక ముసలాయన నడి చౌరస్తాలో గడ్డం దువ్వుకుంటుంటే ఎవరైనా ఎంతసేపని హారన్ కొడతారు? నవ్వు వస్తుంది, చెయ్యి జారుతుంది. చప్పుడు తగ్గాక వచ్చి కూర్చుని, జేబులోంచి కొత్త దూది తీసి రెండు ఉండలు చేసి ఇచ్చారు. "నాకు ఒక్క చెవికి చాలు. నీకు రెండిటికి." దూది హారన్‌ను ఆపదు కానీ దాని పళ్లు ఊడగొడుతుంది.

తర్వాత అన్నారు: "ఇగ బండి కదిలిన కాంచి ఆగేదాక చూసింది చూసినట్టు పైకి చెప్పు. నోరు పనిల ఉంటె భయానికి కూసోను సీటు దొరకది."

చెప్పాను. మూడు నెలలు చెప్పాను. ముందు ట్రాక్టర్. ఎడమ గేదె. గేదె ఆలోచిస్తోంది. గేదె నిర్ణయం మార్చుకుంది. కుడి స్కూటర్, ముగ్గురు, హెల్మెట్ ఒకటి, అది కూడా చేతికి. మానేరు డ్యాం కట్ట మీద రోడ్డు ఖాళీగా ఉండేది. అక్కడ చెప్పడానికి ఏమీ ఉండదు, కానీ నోరు అలవాటు పడిపోయింది. రోడ్డు అయిపోతే నా సంగతులు వచ్చేవి. స్పీడ్ బ్రేకర్. పదో తరగతిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. మేక. నేను బాగా మాట్లాడానని ఇంటికొచ్చి అనుకుంటాను, వాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. మలుపు, హారన్ కొట్టాను. చాచా ముందుకు చూస్తూ "హా" అనేవారు. మధ్యలో ఆపలేదు, సలహా ఇవ్వలేదు, "అందరికీ ఉంటదమ్మా" అనలేదు. ఒకసారి అడిగాను: "చాచా, మనిషికి మనిషి తప్పకుండా కావాలంటారా?" ఆయన కాసేపటికి అన్నారు: "క్లచ్ సగం వదులు." నేను దాని మీద వారం రోజులు ఆలోచించాను. చాలా లోతైన మాట అనిపించింది.

ఒక సాయంత్రం అదే కట్ట మీద అన్నాను: ఎదురుగా ఏమీ లేదు. ఎడమ నీళ్లు. నాకు ఈ లోకంలో ఒక్క దోస్తు కూడా లేదు. కుడి ఏమీ లేదు. రేపు నేను కనబడకపోతే అవ్వ, బాపు కాక వెతికేవాళ్లు లేరు.

చాచా చెయ్యెత్తారు. "పక్కకు ఆపు. ఇంజన్ వేడెక్కింది."

నేను ఇంజన్ వేడి చూపించే ముల్లు చూశాను. "మధ్యలోనే ఉంది చాచా" అన్నాను. ఆయన అప్పటికే తలుపు తీసి దిగారు. కట్ట మీద ఒక బండి దగ్గర చాయ్ తెచ్చారు, నాకొకటి, ఆయనకొకటి. ఇద్దరం నీళ్లవైపు చూస్తూ అరగంట కూర్చున్నాం. నాకు మాత్రం ఒకటే దిగులు, ఆ కారుకు ముల్లు పాడయిందని.

పరీక్ష రోజు కూడా నోరు ఆగలేదు. ఎనిమిది అంకె తిప్పుతూ "కుడి స్తంభం, ఎడమ స్తంభం, పిల్లి" అంటుంటే, పక్కన కూర్చున్న అధికారి అడిగాడు. "ఎవరికి చెప్తున్నవమ్మా?"

"మీకే సార్."

"నాకెందుకు?"

"మరి ఎవరికి చెప్పాలె సార్?"

ఆయన దగ్గర జవాబు లేదు, సంతకం ఉంది. అది పెట్టాడు. గడువుకు నాలుగు రోజుల ముందు బాపు పాత కారులో నేనొక్కదాన్నే ల్యాబుకు వెళ్లాను.

ఆ ఏడాదే చాచా స్కూలు మూసేసి ఆదిలాబాద్‌లో కూతురు షాహీన్ దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఫోన్ చేయలేదు. నాకు ఫోన్ పడదు. ఆయనకూ పడదని విన్నాను. కారణాలు వేరని అప్పుడు తెలియదు. ఎనిమిది నెలలకు ఒక ఆదివారం పొద్దున ఒక్కదాన్నే బయల్దేరాను. జగిత్యాల దాటి, గోదావరి వంతెన దాటి, ఖానాపూర్, నిర్మల్, ఆ తర్వాత ఘాట్. దారి పొడుగునా ఖాళీ సీటుకు అన్నీ చెప్పాను, ఒక్క కోతిని కూడా వదల్లేదు.

చాచా వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. అత్తరు మళ్లీ మొదలుపెట్టారు. నేను అలవాటు ప్రకారం వెళ్లి ఆయన కుడిపక్క కూర్చుని, ఘాట్ ఎలా ఎక్కానో మొదలుపెట్టాను. ఆయన ముందుకు చూస్తూ "హా" అంటున్నారు. షాహీనక్క చాయ్ తెచ్చి, "గా దిక్కు కూసుంటివేందమ్మా? అబ్బాకు ఆ చెవి వినరాదు కదా" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఇరవై ఏండ్లాయె. లారీ కిటికీ గాలికి, హారన్లకు పోయింది. దూది అందుకే. గాలి తాకితె నొస్తది."

కారులో నేను కూర్చున్నది ఆయన కుడిపక్కే. ఎదుటివాళ్ల సంగతి కనిపెట్టలేవని నా గురించి కాగితం మీద రాసిచ్చారు కదా. డాక్టరమ్మ ఫీజు దండగ కాలేదు. నేను లేచి ఎడమవైపుకు వెళ్లి అడిగాను. "చాచా, మూడు నెలలు నేను చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదా?"

"వినలే" అన్నారు, సిగ్గేమీ లేకుండా. "నేను నీ చేతులు చూస్తుంటి బిడ్డా. నోరు ఆడుతుంటె చేతులు నిమ్మలంగ ఉంటుండె. అందుకే చెప్పమన్న." ఒకసారి నా చేతులవైపు చూశారు. "ఒక్క దినం, కట్ట మీద, నోరు ఆడుతుంది గని చేతులు స్టీరింగ్‌ను పిసుకుతున్నయ్. వేళ్లు తెల్లగైనయ్. ఏం చెప్పినవో నాకు తెల్వది. బరువుదే చెప్పినవ్ అనుకున్న. అందుకే ఆపిన."

"ఇంజన్ వేడెక్కిందన్నారు."

"మరి ఏమనాలె?"

నా దగ్గరా జవాబు లేదు. సంతకం కూడా లేదు.

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పారు. "గిప్పుడు చెప్పు. ఈ చెవి మంచిగనే ఉన్నది."

నేను నోరు తెరిచాను. ఇరవై మూడేళ్ల మాటలు. ఒక మనిషి, ఒక చెవి, ఎదురుగా. "నిర్మల్ దాటినంక స్పీడ్ బ్రేకర్లు చాలా ఉన్నయి చాచా" అన్నాను. ఆయన "హా" అన్నారు. ఇద్దరం చాయ్ తాగాం.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. అత్తరు సీసా నాకిమ్మని అబ్బా చెప్పిండని షాహీనక్క పంపింది. నాకు వాంతొస్తుందని తెలిసీ పంపించిన మనిషిని ఏమనాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. దూదికి చుక్క పెట్టిన రోజు మాత్రం అద్దాలు దించి నడుపుతాను.

ల్యాబులో ఇప్పుడు నాకు సొంత బల్ల ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా దగ్గర పక్కన కూర్చునేవాళ్లు ఇంకా లేరు. ఎవరైనా పలకరిస్తే ముఖం చూడను, చేతులు చూస్తాను. డబ్బా మూత రాని చేతులు, ఫోన్‌ను పిసుకుతున్న చేతులు. అర్థమవుతుంది కానీ ఆ తర్వాత ఏం చేయాలో ఆయన చెప్పకుండానే పోయారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నోరు దాని పని అది చేసుకుంటుంది. ముందు ట్రాక్టర్. ఎడమ గేదె. ఎడమ సీటు ఖాళీ. వేళ్లు తెల్లబడుతున్నట్టు కనిపించిన రోజు ఇంటికి నేరుగా వెళ్లను. కాస్త చుట్టు తిరిగి మానేరు కట్ట మీదికి పోతాను, పక్కకు తీసి ఆపుతాను. చాయ్ బండి ఆయన నన్ను గుర్తుపడతాడు. "ఏందమ్మా, ఇంజన్ మల్ల వేడెక్కిందా?" అంటాడు.

అవునంటాను. ముల్లు మధ్యలోనే ఉంటుంది.