మాస్టరు నడుం కొలత

వీధి మలుపులో ఉన్న దర్జీ దుకాణం మాస్టరుకి ఊరందరి కొలతలూ కంఠతా వచ్చు, ఒక్క తనవి తప్ప. తన ప్యాంట్లు తనే కుట్టుకునేవాడు కాబట్టి వెనక కుట్టు లోపల ఎప్పుడూ రెండంగుళాల గుడ్డ మడిచి దాచేవాడు. అవసరం పడ్డప్పుడల్లా, అంటే తరచుగానే, ఆ కుట్టు విప్పి కాస్త వదులు చేసుకునేవాడు. దాంతో పదేళ్లుగా పొట్ట పెరుగుతూనే ఉన్నా, ప్యాంటు బిగుతైన రోజు మాత్రం ఆయన జీవితంలో రాలేదు. ఎవరైనా కదిపితే, "మా తాతకి ఉంది, మా నాన్నకి ఉంది. వద్దనడానికి నేనెవర్ని?" అనేవాడు. అదేదో వాళ్లు రాసిచ్చిన ఆస్తయినట్టు పొట్ట మీద చెయ్యి వేసుకుని మరీ అనేవాడు.

కత్తెరకి ఎసరు వచ్చేదాకా ఆ ఆస్తి భద్రంగానే ఉంది. కటింగు బల్ల వెడల్పైనది. అవతలి అంచు దాకా సుద్దగీత గియ్యాలంటే బాగా ముందుకి వంగాలి. హెడ్మాస్టరుగారి కోటుకి అలా వంగినప్పుడు పొట్ట గుడ్డని నెట్టేసింది. గీత జరిగింది. కోటు చెయ్యి ఒకటి బొటనవేలంత పొట్టిగా తెగింది. రెండో మిషను మీద కూర్చునే తమ్ముడు అది చూసి, చూడనట్టు మిషను తొక్కుకుంటూ పోయాడు. మాస్టరుకి అదే ఎక్కువ గుచ్చుకుంది. కాజాలూ గుండీలూ చూసుకునే భార్య మాత్రం అనేసింది.

"ఇకనుంచి కటింగు మరిదిగారు చూసుకుంటారు. మీరు మిషను మీద కూర్చోండి."

ఇరవై ఆరేళ్లుగా ఆ కత్తెర ఆయనదే. కత్తెర పట్టినవాణ్నే మాస్టరంటారు, మిషను తొక్కేవాణ్ని ఎవరూ అలా పిలవరు.

"రెండు నెలలు ఆగు," అన్నాడు. "పొట్ట తగ్గించి చూపిస్తాను. తగ్గకపోతే కత్తెర వాడిదే."

అప్పటికప్పుడు సొరుగులో టేపు తీయించి నడుం కొలిపించుకున్నాడు. నలభై మూడు. కొలతల పుస్తకంలో మొదటిసారి తన పేరు మీద ఒక పేజీ రాయించాడు.

మొదటి వారం ఆయన పౌరుషం చూడాలి. తెల్లారగానే పరుగు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, సాయంత్రం ఆ దోసకాయని తల్చుకుని నిట్టూర్పు. ఎనిమిదో రోజుకి మోకాళ్లు పట్టేశాయి. "చూశావా, నా ఒళ్లింతే," అని బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో బాధ కన్నా నిశ్చింతే ఎక్కువుంది.

భార్య లోపలికెళ్లి పాత పెట్టెలోంచి ఒక మూట తెచ్చి ఆయన ఒళ్లో విప్పింది. అన్నీ వంకర కాలర్లు. పెళ్లైన కొత్తలో, పని నేర్చుకుంటూ ఆయన పాడుచేసినవి. ఆవిడ ఒక్కటీ పారెయ్యలేదు.

"పదిహేడున్నాయి. ఏ ఒక్కదానికైనా నా చెయ్యింతే అన్నారా?"

"అది పని. చెయ్యగా చెయ్యగా వస్తుంది."

"మరి నడక మీ తాతగారు రాసిస్తేనే వస్తుందా?"

మాస్టరు డబ్బా మూత పెట్టేశాడు. రెండు బిస్కెట్లు తిన్నాకే పెట్టాడనుకోండి.

మర్నాటి నుంచి పరుగు మాని నడక పట్టాడు. మొదటిరోజు మూడో దీపస్తంభం దాకా వెళ్లి, దాన్ని పట్టుకుని ఆయాసం తీర్చుకుని వచ్చాడు. "ఈవేళ మూడు," అని భార్యకి చెప్పాడు. తరవాత నాలుగు, అయిదు. బంధువులొచ్చిన వారం మళ్లీ మూడుకి పడిపోయాడు. వెనకటి మనిషైతే అక్కడితో చేతులెత్తేసేవాడు. ఇప్పుడు మాత్రం ఇది పద్దెనిమిదో కాలరనుకుని మళ్లీ బయల్దేరాడు.

రెండు నెలలు నిండాయి. ఈలోగా పాత టేపు మీద అంకెలు మాసిపోయాయని భార్య కొత్తది కొనుక్కొచ్చింది. దాంతోనే నడుం కొలిచింది. నలభై మూడు. నమ్మలేక మళ్లీ కొలిచింది. నలభై మూడే.

మాస్టరు నీరుగారిపోయాడు. ఏడుపొక్కటే తక్కువ. కత్తెర తీసుకెళ్లి తమ్ముడి మిషను మీద పెట్టాడు.

"ఒరేయ్, ఇది నీది."

తమ్ముడు దాన్ని ముట్టుకోలేదు.

ఆ వారమే దుకాణంలో ఇంకో వింత మొదలైంది. పాతవాళ్లని మళ్లీ కొలవడం ఆ దుకాణంలో మర్యాద కాదు. లావయ్యారేమోనని అనుమానించినట్టు ఉంటుందని పుస్తకంలో ఉన్న కొలతతోనే కుట్టేవారు. అలా కుట్టిన కొత్త చొక్కాకి గుండీలు పట్టట్లేదని బేకరీ ఆయన వచ్చాడు. వెనకే హెడ్మాస్టరుగారు, మళ్లీ కుట్టిచ్చిన కోటు పట్టుకుని. "కాస్త నడవండి సార్," అని మాస్టరు ఇద్దరికీ నీరసంగా సలహా ఇచ్చాడు. తనొక్కడే కాదన్న ఓదార్పు కూడా ఆ సలహాలో ఉంది. ఇద్దరూ తలొంచుకుని వెళ్లారు. బేకరీ ఆయన తన బన్నులు తను తినడం మానేశాడు.

శనివారం పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఎముకల గూడు లాంటి మనిషి.

"చొక్కా వేసుకుంటే ఊపిరాడట్లేదు మాస్టరుగారూ. నేను లావయ్యానంటే మా ఆవిడ పడీపడీ నవ్వుతోంది."

"కాస్త నడ..." అని మాస్టరు ఆగిపోయాడు. రోజంతా నడిచే ఈ మనిషి ఇంకెక్కడికి నడవాలి?

తమ్ముడు లేచి, సొరుగులోంచి పాత టేపు తీసి కొత్త టేపు పక్కన పరిచాడు. పాతదాని నలభై మూడు కొత్తదాని నలభై నాలుగున్నర దగ్గరికి వచ్చింది.

"పాతది లాగి లాగి సాగిపోయింది అన్నయ్యా. మనిషినీ గుడ్డనీ దీంతోనే కొలిచాం కాబట్టి ఇన్నాళ్లూ తేడా తెలియలేదు. ఇప్పుడు పుస్తకంలో అంకె దీనిది, గుడ్డ మీద టేపు కొత్తది. అందుకే అందరికీ బిగిసింది."

"మరి నా నలభై మూడు?"

"అప్పుడు కొలిచింది పాతదాంతో," అంది భార్య. "అంటే అప్పటికి మీది నలభై నాలుగున్నర. ఒకటిన్నర తగ్గారు."

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు. "నా చొక్కా సంగతి చూడండి ముందు," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

తమ్ముడు కత్తెర తెచ్చి అన్న ముందు పెట్టాడు. మాస్టరు లేచి కొత్త గుడ్డ పరిచాడు. ముందుకి వంగి, అవతలి అంచు దాకా సుద్ద లాగాడు. పొట్ట బల్లకి ఆనింది గాని గుడ్డ కదల్లేదు. గీత తిన్నగా వచ్చింది.

"ఇంకా తగులుతోంది," అంది భార్య.

"తెలుసు. ఇంకా చాలా స్తంభాలున్నాయి."

తరవాతి వారమంతా ఇంటింటికీ వెళ్లి, తప్పు మాదేనని ఒప్పుకుని, చొక్కాలు తెచ్చి వదులు చేశారు. ఆఖరికి మాస్టరు ప్యాంటు వంతు వచ్చింది. నడుం దగ్గర ఒకటిన్నర అంగుళం లోపలికి పట్టి కుట్టాక, మిగిలిన గుడ్డని భార్య అలవాటు కొద్దీ మడిచి లోపల దాచబోయింది.

"ఉండు," అని మాస్టరు కత్తెర తీసుకుని ఆ గుడ్డ కోసేశాడు.