ఓడ అడుగున సీసం

పోయిన నెల తూప్రాన్‌లో చుట్టాల ఇంటికి పోతే, అద్దాల బీరువాలో మూడు తెరచాప కొయ్యల ఓడబొమ్మ ఒకటి కనిపించింది. మా మామ చేతిపని. ఇంత సన్నటి పని చేసినాయనకు ఎంత ఓపికో, ఎంత మెత్తటి మనసో అన్నారు ఇంటివాళ్లు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, ఓడ అడుగుకేసి చూశాను.

మా మామ మెదక్‌లో చర్చికి బల్లలు చేసే వడ్రంగి. సముద్రం ఎన్నడూ చూడలేదు. చర్చి దొరల బంగ్లా గోడకున్న పటంలో ఓడను చూసి, మిగిలిపోయిన టేకు ముక్కలతో మూరెడు ఓడలు చెక్కేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండు మూడేళ్లకు నేను కోడలిగా వచ్చాను. ఆయన వేళ్లు లావు కాబట్టి దారాల పని నాకు పడింది. పాత ధోవతి గుడ్డకు గంజి పెట్టి తెరచాపలు కత్తిరించడం, నూలుకు మైనం రుద్ది కొయ్య నుంచి కొయ్యకు కట్టడం, దారపు నిచ్చెనలకు గోరంత మెట్లు అల్లడం. ఊపిరి తగిలినా ముడి జారేది. అందుకని ఆ ఇంట్లో నేను ఊపిరి బిగబట్టడం మొదట నేర్చుకున్నాను.

ఆయనకొక పట్టుదల. గంగాళంలో నీళ్లు పోసి తేల్చి చూడనిదే ఏ ఓడనూ గడప దాటనిచ్చేవాడు కాదు. చిన్న పడవలు నిలిచేవి. మూడు కొయ్యల ఓడ మాత్రం వదలగానే తాగుబోతులా ఒరిగేది. పటంలో నీళ్లపైన ఉన్నదే కదా కనిపించేది! నీళ్ల కింద కూడా ఓడకు ఒళ్లుంటుందని ఆయనకు తెలియదు. అడుగు పీటలా చదునుగా చెక్కేవాడు. తప్పు మాత్రం నా దారాలది. ఒకవైపు బిగించి కట్టానని బ్లేడుతో అన్నీ తెగ్గోసి, మళ్లీ కట్టమనేవాడు. అట్లా మూడుసార్లు కోశాడు. మా ఇంటాయన తండ్రి ముందు నోరెత్తేవాడు కాదు.

అప్పుడే పాస్టరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నన్నూ పంపమని అడిగితే మామ నవ్వాడు.

"గీ ఓడ నీళ్లల్ల నిలవడ్డనాడు పంపిస్త, అమ్మగారు."

ఒకనాడు అంట్లు తోముతూ చూశాను. ఖాళీ చెంబు గంగాళంలో పడుకుంటుంది. అడుగున కాసిన్ని నీళ్లుంటే నిటారుగా నిలుస్తుంది. చేపలమ్మే ఆమెను బతిమాలి, వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు తెచ్చుకున్నాను. మామ ఎల్దుర్తి పోయిన రోజు ఓడ అడుగును బర్మాతో తొలిచి, సీసం దించి, మైనంతో మూశాను.

ఆదివారం ప్రార్థన తర్వాత పాస్టరమ్మ, వాడకట్టు వాళ్లు చూస్తుండగా ఓడను నీళ్లలో వదిలాడు. నిలిచింది. ఊదితే ఊగింది గానీ ఒరగలేదు. మామ ముఖం వెలిగింది. పైకి తీసేటప్పుడు బరువు చేతికి తెలిసిపోయింది. తిరగేసి గోటితో మైనం గీకాడు.

"కడుపుల సీసం బెట్టి నిలవెడ్తవా? అమ్మగారు, దీనికి అక్షరాలు నేర్పకుండ్రి. దొంగ సంతకాలు వెడ్తది."

అందరూ నవ్వారు, పాస్టరమ్మ కూడా. సీసం నా చేతనే తీయించి, దారాలన్నీ కోశాడు. అక్షరాల మాట మళ్లీ ఆ ఇంట్లో రాలేదు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి ఓడ కడుపులోనూ సీసం ఉంది. చూడవచ్చినవాళ్లకు అది తన తెలివేనని చెప్పేవాడు, నా చేతి చాయ్ అందుకుంటూనే.

నేను చదవడం నేర్చుకునేసరికి యాభై దగ్గరపడ్డాయి. అప్పటికి మామ చూపు పోయి మంచం పట్టాడు. పక్కగదిలో నేను కూడబలుక్కుంటూ చదివేది వినేవాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆయనకు ఊపిరి అందడం లేదు.

"బిడ్డా, జర గా చర్చిల సదివే కీర్తన సదువు."

కీర్తనల పుస్తకం నా ఒళ్లోనే ఉంది.

"నాకు సదువెట్లొస్తది మామా? మీరే వద్దంటిరి గద."

ఆయన మళ్లీ అడగలేదు. పొద్దు గూకకముందే పోయాడు. ఆ కీర్తన చర్చిలో విని విని నాకు పెళ్లికి ముందే నోటికి వచ్చు. చెప్పడానికి అక్షరాలతో పనే లేదు. ఆయన ఇంట్లో ముప్పై ఏళ్లు ఎట్లాగో గడిచిపోయాయి గానీ, ఆ ఒక్క పూట మాత్రం నాకు ఇంకా గడవలేదు.