అక్క ఎంచిన క్లచ్

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు రాజమండ్రి చేపల మార్కెట్లో తెలిసింది. పెట్టెలు దింపించి పండుగొప్ప చేపలు ఒక పక్కకి ఏరుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "వదిన పోయిందే. మంచం మీద కూర్చుని టీ తాగుతూ తాగుతూనే పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు వచ్చేసరికే ఏం లేదు," అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి ఐసు పెట్టె మీద కూలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్ళు మూగారు. సంగతి విని అయ్యో అన్నారు. పీతలమ్మే ఆవిడ ఏడ్చింది కూడా. ఏళ్ళ తరబడి మా సరుకు కొనే పెద్దాయన కండువాతో కళ్ళు తుడుచుకుని, "మరి ఇక మీ బండి ఎవరు తోల్తారమ్మా?" అని అడిగాడు.

రెండేళ్ళుగా ఆ బండి తోలుకొస్తున్నది నేనే. అప్పుడు కూడా తాళం నా చేతిలోనే ఉంది.

చదివేవాళ్ళు ఏమైనా అనుకోండి, ఆ మాటకి నాకు కడుపు మండింది. ఆవిడ పోయిందన్న దుఃఖం కన్నా ముందు వచ్చింది ఆ మంటే. అందుకే ఆవిణ్ణి తలుచుకోవాలంటే ఈర్ష్యతోనే మొదలుపెట్టాలి. ఆవిడ పక్కన బతికిన ఇన్నేళ్ళూ అది నన్ను వదలలేదు.

ఉప్పాడలో మాది వేట కుటుంబం. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక ఫైబరు పడవ, ఒక డీజిల్ పికప్ బండి. మా ఆయన చిన్నవాడు, పడవ మీద వెళ్తాడు. బండి మా బావగారు తోలేవారు. ఆయనకి చూపు మందగించి, ఇక స్టీరింగు పట్టుకోవద్దన్నారు డాక్టర్లు. డ్రైవర్ని పెట్టాలా, బండి అమ్మేయాలా అని ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగానే అక్క డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చేసుకుంది. వరసకి తోడికోడలే అయినా నేను ఆవిణ్ణి అక్కా అనే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను పిల్లా అనేది, ముద్దొస్తే చెల్లీ అనేది. వేకువనే సరుకెక్కించుకుని ఆవిడ తోలుతుంటే, పక్కన కూర్చుని నేను, రాజమండ్రి వెళ్ళేవాళ్ళం. ఒక్కోరోజు గోదావరి దాటి కొవ్వూరు దాకా.

దారి పొడవునా ఆవిడకి నమస్కారాలే. టీకొట్టు వాళ్ళు అడక్కుండానే ఆవిడకి అల్లం ఎక్కువేసి ఇచ్చేవారు, నాకు మామూలు టీ. ఇంటికొస్తే అత్తయ్య చేప తలకాయ ఆవిడ కంచంలో వేసేది. "బండి తోలే మనిషి, తిననీ," అనేది. పెట్టెలు ఎత్తి దించే మనిషిని నేను పక్కనే కూర్చుని తోక ముక్క తినేదాన్ని. మా ఆయన సంగతి మరీ అన్యాయం. వేట నుంచి వచ్చాక నాతో "అన్నం పెట్టు" అన్నదే మాట. అదే వదిన ఎదురుగా కూర్చుంటే ఇంజను ఆయిలు గురించి, గేర్ల గురించి చీకటి పడేదాకా నవ్వుతూ కబుర్లు. ఆ నవ్వు నేను ఎప్పుడూ పుట్టించలేకపోయాను.

ఆవిడకి కొన్ని అలవాట్లుండేవి. బండెక్కేముందు ఎడమకాలి చెప్పు విప్పి సీటు కింద పెట్టేది. క్లచ్ మీద ఉత్త పాదమే ఉండాలి. చెప్పులతో తొక్కితే బండి ఏం చెబుతోందో తెలియదనేది. గేరు మార్చగానే పాదం తీసి కింద ఆనించేది. ఎవరైనా పెడలు మీద ఊరికే కాలు పెట్టుకుని తోలుతుంటే చూసి ఊరుకోలేకపోయేది. ఒకసారి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ట్రాఫిక్ ఆగితే, పక్క వ్యాను అతన్ని కేకేసి మరీ చెప్పింది. "బాబూ, అది కాళ్ళపీట కాదు, తియ్యి." అతను తిట్టుకోలేదు సరికదా, "అలాగేనండి" అని నవ్వాడు. నేనంటే ఊరుకునేవాడా?

ఒక వేసవిలో కొవ్వూరు వెళ్తూ వంతెన ఎక్కుతున్నాం. వెనక నిండా రొయ్యలు, ఐసు. ఇంజను గోల పెరుగుతోంది కాని బండి ముందుకి పోవడం లేదు. మాడిన వాసన. క్లచ్ ప్లేటు అరిగి జారిపోతోంది. ఇంజను తిరుగుడు చక్రాలకి అందడం లేదు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఆవిడ తొణక్కుండా మొదటి గేర్లో, వినీ వినపడనంత రేజింగుతో, ముసలమ్మని మెట్లెక్కించినట్టు బండిని పైకి తెచ్చింది. ఆ ఓపికని చూసి గర్వపడాల్సింది. నేనేమో అది నాకు ఎప్పటికీ రాదని కుళ్ళుకున్నాను.

ఏ క్లచ్ వేయించాలన్నది ఆ తరవాత మా ఇంట్లో పెళ్ళి సంబంధం అంత పెద్ద మాటయింది. మామూలు సెట్టు మళ్ళీ వేస్తే మళ్ళీ అరిగిపోతుంది. మా బండి సరుకు ఒక్కటే మోయదు. సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోంది కాబట్టి, పోటెత్తినప్పుడు పడవని తాడు కట్టి ఒడ్డు మీదకి లాగాలి. అందుకని మా ఆయన, కాకినాడ మెకానిక్కు, వీధిలో ఉన్న డ్రైవర్లు అందరిదీ ఒకటే మాట, బటన్ క్లచ్ వేయించమని. దాని ప్లేటు మీద గుండ్రటి గట్టి బిళ్ళలుంటాయి. ఎంత లోడైనా జారదు, వేడికి భయపడదు. కాకపోతే పట్టు ఒక్క ఉదుటున పడుతుంది, పెడలు రాయిలా ఉంటుంది. ఈ రెంటికీ మధ్యది హెవీ డ్యూటీ సెట్టు. ప్లేటు మామూలు రకమే కాని మందంగా ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు బలమైనది. బటన్ అంత మొండిది కాదు, మామూలుదంత మెత్తనిదీ కాదు.

"పడవ లాగాలంటే బటనే వదినా," అన్నాడు మా ఆయన.

"బటన్‌కి పట్టుకోవడం, వదిలెయ్యడం రెండే తెలుసు మరిదీ. మధ్యలో మాట లేదు. పడవ తాడు ఒక్క కుదుపుకి తెగిందనుకో, పడవ వెనక్కి పోయి ఎవరి మీద పడుద్దో?"

"నువ్వు తోలితే తెగదులే."

ఆవిడ మర్నాడు మెకానిక్కు షెడ్డుకి నన్ను కూడా రమ్మంది. అప్పటికి తిరుగు ప్రయాణాల్లో, పిఠాపురం దాటాక ఖాళీ రోడ్డు మీద, నాకు కొద్దికొద్దిగా స్టీరింగు ఇస్తుండేది. "పెడలు కాలితో కాదు పిల్లా, చెవితో వదలాలి. ఇంజను గొంతు బరువెక్కినప్పుడు అక్కడే ఆగు," అనేది. షెడ్డులో బటన్ క్లచ్ వేసిన పికప్ ఒకటి ఉంది. దాని ఓనర్ని అడిగి, నన్ను ఎక్కి తొక్కమంది. అంతమంది మగాళ్ళ ముందు. తొక్కాను. కాలు వణికింది. వదలగానే బండి తాడు తెంపుకున్న దూడలా ఎగిరి, దడాలున ఆగిపోయింది. షెడ్డు షెడ్డంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "ఇంకోసారి తొక్కు," అంది. నా తొడ మీద చెయ్యి వేసి పట్టుకుని చూసింది, గేదెని బేరమాడేవాళ్ళు చూసినట్టు. తరవాత హెవీ డ్యూటీ సెట్టున్న ఇంకో బండి ఎక్కించింది. అది కాస్త మాట విన్నది. ఆవిడ దిగొచ్చి మెకానిక్కుతో, "ఇదే వెయ్యండి," అంది. నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసి తన గొప్ప చూపించుకుందని దారంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక మిఠాయి కొట్టు దగ్గర ఆపి నాకిష్టమైన జీళ్ళ పొట్లం కొని ఒళ్ళో పడేసింది. నేను తినలేదు.

ఆ ఏడాదే వాయుగుండం పట్టింది. మధ్యాహ్నానికి కెరటాలు బీచి రోడ్డు గోడ మీద నుంచి విరుచుకుపడుతున్నాయి. ట్రాక్టర్లు వేరేవాళ్ళ పడవల దగ్గరున్నాయి. మా పడవ కింద దుంగలు పరిచారు. బండి రోడ్డు మీద పెట్టి తాడు కట్టారు. నేను తలుపు తీసి పట్టుకుని ఆవిడ కోసం చూస్తున్నాను.

"ఎక్కు," అంది ఆవిడ.

"నేనా? అక్కా, నువ్వెక్కు!"

"నేను పడవ దగ్గరుంటాను. అది పక్కకి తిరిగితే కేకేసే మనిషి కావాలి. నువ్వు తోలు."

"క్లచ్ కాల్చేస్తానేమో."

"కాలితే ఇంకోటి దొరుకుద్ది. పడవ దొరకదు. అద్దంలోంచి నా చెయ్యి చూడు, అంతే."

చెప్పు విప్పాను. మెల్లగా వదిలాను. ఇంజను గొంతు బరువెక్కింది. అక్కడే పట్టి ఉంచాను. తాడు బిగిసి, నీళ్ళు చిమ్మి, గీత గీసినట్టు తిన్నగా అయింది. కాస్త వాసన వచ్చింది, భయపడ్డాను, వదల్లేదు. అద్దంలో ఆవిడ చెయ్యి రా రా అంటోంది. పడవ కదిలింది. ఒక దుంగ, ఇంకో దుంగ, దాని ముక్కు రోడ్డెక్కేదాకా ఆ చెయ్యి దిగలేదు.

జనం పరిగెత్తుకొచ్చి ఆవిడ చుట్టూ చేరారు. "నీ క్లచ్ నిలబెట్టిందే! బటన్ ఎందుకు వద్దన్నావో ఇప్పుడు తెలిసింది," అన్నారు. "తోలింది అది కదర్రా," అని ఆవిడ నా వైపు చూపించింది. అదంతా ఆవిడ మంచితనం అనుకుని ఇంకా మెచ్చుకున్నారు. నేను సీట్లోనే తడిసి కూర్చున్నాను. అత్తయ్య ఒక పొడి తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడిచింది.

సాయంత్రం పాకలో ఆవిడ మోకాలికి కాపడం పెట్టుకుంటుంటే అడిగేశాను. "అందరూ బటన్ అంటే నువ్వు ఇది ఎందుకు వేయించావు? నిజంగా తాడు కోసమేనా?"

"తాడు కోసం కొంత." మోకాలు చూపించింది. వాచి ఉంది. "ఇది ఇంకెంతో కాలం పెడలు తొక్కదు. ఆ తరవాత తోలేది నువ్వే. నీ కాలికి సరిపోయేది వేయించాలి కాని, ఊళ్ళోవాళ్ళ నోటికి సరిపోయేది వేయిస్తానా?"

"ముందే చెప్పొచ్చు కదా?"

"చెబితే బెదిరిపోతావు. మూతి ముడుచుకుంటే పర్లేదు, రెండ్రోజులకి విప్పుతావు."

ఇలాంటి చోట కన్నీళ్ళు వచ్చాయని రాయాలేమో. నాకు ఉక్రోషం వచ్చింది. నాకంటూ ఒక గెలుపు దొరికిందనుకుంటే, దాన్ని కూడా ఆవిడే ముందుగా ఆలోచించి కొని పెట్టింది. అలాంటి మనిషిని దాటిపోయేది ఎలా?

అన్నట్టే, నాకు పాప పుట్టి మళ్ళీ బండెక్కాక ఏడాది తిరక్కుండా స్టీరింగు నాకొచ్చింది. ఓపికున్న రోజుల్లో ఆవిడ పక్క సీట్లో కూర్చుని వచ్చేది. ఎప్పుడూ తప్పు పట్టలేదు. కాని నేను గేరు మార్చే ప్రతిసారీ ఆవిడ ఎడమ పాదం నాకన్నా లిప్తపాటు ముందే కదిలేది. అది కూడా ఓర్చుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆ సీట్లో ఐసు సంచి పెట్టుకుని వెళ్తున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఒక వ్యాను వచ్చి ఆగింది. వెనక నిండా కడియం నర్సరీ మొక్కలు. నా వయసామె దిగింది. పొడగరి, గట్టి మనిషి. అక్క ఫోటో చూడగానే గోడ పట్టుకుని ఏడ్చింది, మా ఇంట్లో ఎవరూ ఏడవనంత ఏడుపు. పక్కకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చి, ఎవరని అడిగాను.

"అక్క నాకు బండి నేర్పిందండి. ధవళేశ్వరంలో టీకొట్టు దగ్గర పరిచయం. అప్పుడు ఒక్కతే వచ్చేదండి, ఇంట్లో చెల్లెలికి పాప పుట్టిందని చెప్పేది."

ఆ నెలల్లో నేను ఇంట్లో పాపని ఎత్తుకుని, ఎప్పుడెప్పుడు బండెక్కుతానా అని గుమ్మం వైపు చూస్తుండేదాన్ని. అక్కడ ఆవిడకి ఇంకో చెల్లెలు దొరికింది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"క్లచ్ కూడా ఆవిడే చెప్పిందా?" నా గొంతు నాకే పుల్లవిరుపుగా వినిపించింది.

"ఆవిడేనండి. బటన్ వేయించింది. నీ కాలు గట్టిది, నీకు ఓపిక తక్కువ, నీకిదే అంది. మీ బండికి వేయించినలాంటిది నాక్కావాలని ఎంత బతిమాలానో! ఒప్పుకుంటేనా?" కళ్ళు తుడుచుకుని నా వైపు తేరిపార చూసింది. "ఆ చెల్లెలు మీరేనాండీ? ఏమీ అనుకోకండి, మీరంటే నాకు ఒళ్ళు మండేదండి. నేను బండి కదిపిన ప్రతిసారీ, మా చెల్లెలు కదిపితే ఐసు పెట్టెలో చేపకి కూడా తెలియదే అనేది. రోజూ అదే మాట."

ఆ మాట నా గురించే. జన్మలో నేను వినాలనుకున్న మాట. కాని దాన్ని ఆవిడ గొంతుతో, ఆవిడ నవ్వుతో, రోజూ విన్నది ఈమె. నేనింక ఎప్పటికీ వినలేను.

"ఎలా అనేది? ఇంకోసారి చెప్పండి," అన్నాను. చెప్పింది. మళ్ళీ అడిగాను. ఆమె విసుక్కోకుండా, అక్క చెయ్యి తిప్పినట్టే చెయ్యి తిప్పి మళ్ళీ చెప్పింది.

పొద్దు వాలుతుంటే బయల్దేరింది. బీచి రోడ్డు వైపు పంపి గుమ్మంలో నిలబడ్డాను. విరిగిన గోడ పక్క నుంచి వ్యాను మెల్లగా పోతోంది. వెనక వరసలుగా కొబ్బరి మొలకలు, జామ మొక్కలు, ఎర్రపూల మందారాలు. ఉప్పు గాలి ఎప్పుడూ సోకని లేత ఆకులు అన్నీ ఒక్కసారిగా సముద్రం గాలికి తలలూపుతూ, మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉన్నాయి.