ఇంటికి రాయి

అశోక్‌నగర్‌లో ఖాళీ జాగా కనబడితే చాలు, హాస్టల్ లేస్తుంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు వస్తూనే ఉంటారు మరి. మా సందు చివర విద్యావతి గారు కట్టిస్తున్న హాస్టల్‌కు తిమ్మయ్య వాచ్‌మన్. పాలమూరు మనిషి, ఒకప్పుడు రాళ్లు కొట్టిన చేతులు. చిత్రమేమిటంటే, చిక్కడపల్లి లైబ్రరీ వైపు నుంచి రాళ్ల లారీ మలుపు తిరిగితే చాలు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. కాపలా ఉండాల్సినవాడే దాక్కుంటే ఎలాగని సూపర్‌వైజర్ రమాకాంత్ విసుక్కునేవాడు.

తిమ్మయ్య భయం తిమ్మయ్యది. వాళ్ల ఊళ్లో ఒక గుట్ట ఉండేది. ఎవరి పట్టా కాదు, ఊరందరిదీ. ఇల్లు కట్టుకునేవాడు అడిగితే రాయి కాదనకూడదు, ఇంటికి మించి ఒక్క రాయి తీయకూడదు. అదీ కట్టుబాటు. కొబ్బరికాయ పట్టుకొని గుట్టపెద్ద గడపకు వచ్చి "ఇంటికి రాయి కావాలె" అనాలి. తండ్రి తర్వాత ఆ పెద్దరికం తిమ్మయ్యకు వచ్చింది. గుట్ట కిందే బొందలగడ్డ. పోయినవాళ్ల తల దగ్గర గుట్ట రాయే పాతేవారు. భార్య ఆశమ్మ పోయినప్పుడు తిమ్మయ్య ఆ రాయి మీద ఉలితో జొన్నకంకి చెక్కాడు. ఆమెకు జొన్నచేనంటే ప్రాణం.

ఒకరోజు పట్నం నుంచి ఒకాయన కారు దిగి, కొబ్బరికాయ పట్టుకొని గడప ముందు నిలబడ్డాడు. ఎవరు నేర్పారో గాని, పొల్లు పోకుండా అదే మాట అడిగాడు. ఇంత పెద్దమనిషి మన పద్ధతి పాటించాడని తిమ్మయ్య పొంగిపోయి, పదిమందినీ పిలిచి వాళ్ల ముందే కాయ కొట్టి, తీసుకోమన్నాడు. ఇల్లెక్కడని అడగలేదు. అడిగే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు. ఎవరి ఇల్లెక్కడో అందరికీ తెలిసిందే కదా.

ఆ మాటే ఊరి ఒప్పుకోలు అయి కూర్చుంది. గుట్ట ఆయన పేర లీజుకు పోయింది, యంత్రాలు దిగాయి. అడ్డుపడబోతే, మీ పెద్దే పదిమందిలో ఇచ్చాడు కదా అన్నారు. ఊరివాళ్లు తిమ్మయ్యను ఒక్క మాట అనలేదు. అని ఉంటే అక్కడే ఉండేవాడేమో. పట్నం వచ్చినా గుట్ట తనను వెతుక్కుంటూ వస్తుందనే అనిపించేది. తవ్వకం బొందలగడ్డ దాకా వచ్చిందని విన్నాక ఆ భయం మరీ ముదిరింది.

మొన్న ప్రహరీ గోడకు రాళ్లు వచ్చాయి. రమాకాంత్ లేడు, తిమ్మయ్యే దగ్గరుండి దింపించాల్సి వచ్చింది. కుప్పలో ఒక రాయి మీద జొన్నకంకి ఉంది. సగమే. తిమ్మయ్య దాని పక్కనే కూర్చుని తన ఉలి గీతలను వేలితో తడిమాడు. మేస్త్రీ ఎల్లేష్ ఆ రాయిని గోడకు ఎత్తబోతే రెండు చేతులా పట్టుకొని వదల్లేదు. పరేషానై విద్యావతి గారిని పిలిపించారు. ఆవిడ ముందు తిమ్మయ్యకు ఏ వివరమూ నోటికి రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ విన్న మాటే వచ్చింది.

"అమ్మా, ఇంటికి రాయి కావాలె."

ఆవిడ మంచి మనిషి. మామూలుగానే అడిగింది.

"తీస్కో తిమ్మయ్యా, దానికేంది. ఇల్లెక్కడ కడుతున్నవ్?"

తిమ్మయ్య ఏడ్చాడు. ఆ రోజు ఈ ఒక్క ముక్క తాను అడిగి ఉంటే గుట్ట మిగిలేదా? నాకైతే నమ్మకం లేదు. అతనికి మాత్రం అనుమానమే లేదు.

తిరిగి పాతుదామంటే ఆశమ్మను పడుకోబెట్టిన నేలే లేదు. అందుకని ఆమె తల దగ్గరి రాయిని తన తల దగ్గర పెట్టుకొని పడుకుంటున్నాడు. ఇప్పుడు లారీ వస్తే గదిలోకి పోవడం లేదు. ఎదురెళ్లి, మిగతా సగం కోసం ప్రతి రాయినీ తిప్పి చూస్తాడు. తర్వాత డ్రైవర్ దగ్గరికి పోయి అడుగుతాడు.

"ఇది ఏ ఊరి గుట్ట బిడ్డా? ఎవరిచ్చిన్రు?"

డ్రైవర్లకు తెలియదు. లోడు దింపుకొని వెళ్లిపోతారు.