సగం బలంతో ఒక బంతి

కొత్త ట్రైనర్ వచ్చేదాకా మా బేస్‌బాల్ జట్టులో అందరికీ ఒకటే కసరత్తు. చందానగర్ దాటాక ఉన్న మైదానంలో తెల్లవారగానే పరుగు, ఆ తరువాత చెయ్యి లాగేదాకా బంతులు విసరడం. ఆపైన ఎవరి ఆఫీసుకు వాళ్లం పరుగు. నేను పిచర్‌ని, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే మనిషిని. నలుగురిలో నోరు విప్పలేని నాకు, మైదానం మధ్యలో పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద ఎవరితోనూ మాట్లాడాల్సిన పని ఉండదు. ఆ చోటంటే అందుకే ప్రాణం.

కొత్త ట్రైనర్ కడప వైపు మనిషి. అక్కా అని పిలిచేవాళ్లం. ఒక్కొక్కరినీ బల్ల మీద పడుకోబెట్టి భుజం ఎంతవరకు తిరుగుతుందో చూసింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. తరువాత ఎవరి కసరత్తు వాళ్లకు చెప్పింది. బ్యాటర్ వెనక కూర్చుని నా బంతులు పట్టే క్యాచర్‌కి బరువులు ఎత్తుకుని కూర్చుని లేవడం. నా మోచేతి లోపలివైపు వేలితో నొక్కినప్పుడు నేను పళ్లు బిగించాను. ఆమె చూసింది. పక్కకు తిరిగి పడుకుని చిన్న బరువును మెల్లగా ఎత్తమంది. కాళ్లకూ నడుముకూ ఇంకొంత పని ఇచ్చింది. బంతి మాత్రం ముట్టుకోవద్దంది.

మేమంతా మార్కులను బట్టి సెక్షన్లు మార్చే ఇంటర్ కాలేజీల్లో చదివినవాళ్లం. వెనక సెక్షన్‌కి పంపిన పిల్లలకు తేలిక లెక్కలు ఇచ్చేవారు. వాళ్ల మీద ఎవరికీ ఆశ ఉండేది కాదు. అందుకే అక్క పని పంచగానే అందరి కళ్లూ పక్కవాళ్ల పని మీద పడ్డాయి.

"నీకేందే, మంచిగ పండుకొని చేసుడు," అంది క్యాచర్. హన్మకొండ పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. "నిన్ను లాస్ట్ సెక్షన్ల ఏసిన్రు పో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జిల్లా సెలెక్షన్ దగ్గర పడుతోంది. నేను పడుకుని బరువు ఎత్తుతుంటే, నా దిబ్బ మీద వేరే అమ్మాయి విసిరేది. జట్టులోంచి తీసేశారా అని అక్కను అడగాలని రోజూ అనుకునేదాన్ని. అవునంటుందేమోనని రోజూ అడగకుండానే వచ్చేసేదాన్ని. ఆఫీసులో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని.

ఒక పొద్దున అక్క నా చేతిలో బంతి పెట్టింది. "సగం బలంతో ఇసురు పాపా. సగమే."

సగం అంటే ఎంతో నాకు తెలియదు. మెల్లగా విసిరితే పనికిరానని తేలిపోతుంది. గట్టిగా విసిరితే మోచెయ్యి ఏమవుతుందో! ముఖానికి జాలీ తొడుక్కుని క్యాచర్ ఎదురుగా కూర్చుంది. చెమటకు బంతి జారుతోంది. కాలు ఎత్తాను, దించేశాను. మళ్లీ ఎత్తాను, దించేశాను.

"ఏందే, పూజ చేస్తున్నవా? ఎయ్యి జర!" క్యాచర్ అరిచింది.

అక్క దగ్గరికి వచ్చింది. "యాడ నొప్పి?"

"అక్కా, నన్ను తీసేశారా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"అందరికంటే నాకే తక్కువ ఇచ్చారు కదా."

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. "తక్కువేంది పాపా? ఆ పిల్లకు మోకాళ్లు గట్టిపడాల, నీకు మోచెయ్యి మానాల. ఆమె పని నీకిస్తే నీ చెయ్యి బాగయితాదా?"

ఊపిరి వదలబోయాను. అంతలోనే, "సెలెక్షన్‌కి మాత్రం ఈసారి నిన్ను పంపను," అంది. "ఇప్పుడు గట్టిగా ఇసిరితే ఆ చెయ్యి మళ్లా రాదు."

వినకూడదనుకున్న మాట విననే విన్నాను. అయినా భయం పోలేదు, ఇంకాస్త లోతుకు దిగింది.

"తరువాతైనా విసరగలనా అక్కా?"

"చూస్తే కదా తెలిసేది. సగమే."

విసిరాను. బంతి క్యాచర్‌కి చాలా ముందే నేల తాకి దొర్లిపోయింది. ఊపిరి బిగబట్టి మోచేతిలో నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంకా రాలేదు.

క్యాచర్ లేచింది. బంతి తీసుకుని, నా వైపు చాలా దూరం నడిచి వచ్చి, దాన్ని నాకు అందేలా వేసి, అక్కడే కూర్చుని గ్లవ్ చాచింది.

"ఇగ ఇక్కడికి ఎయ్యి," అంది.

కాలు ఎత్తాను.